పిస్టన్ ఎందుకు దిగలేదు?

కాఫీ ఫిల్టరు మీలో చాలామందికి తెలుసు. ఒకదానిమీద ఒకటి కూచునే రెండు గిన్నెలు. పైగిన్నె అడుగున సన్నని చిల్లులు. పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి మూత పెడితే డికాక్షన్ బొట్టుబొట్టుగా కిందికి దిగుతుంది. మనం నొక్కక్కరలేదు, తిప్పక్కరలేదు. పనంతా భూమ్యాకర్షణే చేసిపెడుతుంది.

ఇప్పుడు ఇదే పనిని మరోవిధంగా చేసే సాధనం చూద్దాం. దీన్ని ఫ్రెంచ్ ప్రెస్ అంటారు. నిలువుగా వుండే గాజుకూజా, దానికో పిడి, పైన మూత. మూత మధ్యలోంచి ఒక కడ్డీ కిందికి దిగుతుంది. కడ్డీ చివర సన్నని లోహపు జల్లెడ బిగించిన గుండ్రని బిళ్ల వుంటుంది. సైకిల్ పంపులోని పిస్టన్ గుర్తొచ్చిందా? తేడా ఒక్కటే. పంపులోని పిస్టన్ గాలిని దాటనివ్వదు. ఈ పిస్టన్ మాత్రం నీటిని దాటనిస్తుంది, పొడిని దాటనివ్వదు.

కూజాలో పొడి వేసి వేడినీళ్లు పోస్తారు. నాలుగు నిమిషాలు ఆగి, పిస్టన్‌ను మెల్లగా కిందికి నొక్కుతారు. పొడి అడుగున అణిగిపోతుంది. పైన తేరిన కాఫీని కప్పుల్లోకి వంచుకోవడమే!

వినడానికి ఇంత సులువు. కాని మొదటిరోజు మా యింట్లో ఏం జరిగిందో వినండి. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు, ఫిల్టరుకోసం మెత్తగా మరపట్టించిన పొడినే ఈ కూజాలో వేశాడు. పిస్టన్ సగందాకా దిగి ఆగిపోయింది. పంతం వచ్చి రెండుచేతులతో బలంగా నొక్కాడు. అంతే! వేడికాఫీ మూత అంచులోంచి చివ్వున చిమ్మి మణికట్టుమీద పడింది. వెంటనే చేతిని కుళాయికింద ఇరవై నిమిషాలు పట్టించాం కాబట్టి బొబ్బ ఎక్కలేదు.

"ఈ సామాను మంచిది కాదు మామయ్యా!" అన్నాడు వాడు.

తప్పు సామానుదేనా? ఆలోచిద్దాం.

ముక్కలు చేస్తే ఏమవుతుంది?

ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని వూహించుకోండి. దానికి ఆరు ముఖాలు. మొత్తం ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దీన్ని ఒక మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలొస్తాయి. అప్పుడు వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 120! పదార్థం పెరగలేదు, నీటికి తగిలే ముఖం పెరిగింది. అందుకే మెత్తని పొడిలోని రుచి నీటిలోకి త్వరగా దిగుతుంది, ముతక పొడిలోనిది నిదానంగా దిగుతుంది.

ఫిల్టరులో నీరు పొడిగుండా జారిపోతుంది. అందుకని అక్కడ మెత్తని పొడి కావాలి. పైగా ఆ పొడి నీటిని ఆపి ఆపి వదులుతుంది. ప్రెస్‌లో అలా కాదు. పొడి అంతా నాలుగు నిమిషాలపాటు నీటిలోనే నానుతుంది. కాబట్టి ముతక పొడి చాలు. ఉప్మారవ్వంత పలుకు వుంటే సరిపోతుంది.

మరి మెత్తనిది వేస్తే నష్టమేమిటి? పిస్టన్ దిగుతున్నకొద్దీ పొడి జల్లెడకింద పొరగా పేరుకుంటుంది. ముతక పలుకుల మధ్య సందులు పెద్దవి, నీరు సులువుగా పైకొస్తుంది. మెత్తని పొడి మధ్య సందులు అతి సన్నం. ఆ పొర బంకమట్టిలా దారి మూసేస్తుంది. నీరు నొక్కితే కుదించుకుపోయేది కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ (1623–1662) చెప్పిన నియమం మీరు చదివే వుంటారు: మూసివున్న ద్రవంమీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. ఆ పీడనానికి ఎక్కడ బలహీనమైన సందు దొరికితే అక్కడినుంచి నీరు తన్నుకొస్తుంది. జల్లెడకూ గాజుకూ మధ్యనున్న అంచే ఆ సందు. మావాడి చేయి కాలింది అందుకే!

కాబట్టి ఒక్కమాట మరచిపోకండి. పిస్టన్ మొరాయిస్తే బలం పెంచకూడదు. కొంచెం పైకి లాగి, కాసేపాగి, మళ్లీ మెల్లగా దించాలి. అప్పటికీ దిగకపోతే వదిలెయ్యాలి.

నాలుగు నిమిషాలే ఎందుకు?

వేయించిన కాఫీగింజలో నీటిలో కరిగే పదార్థం సుమారు 30 శాతం. అదంతా కరిగించడం మంచిది కాదు. పులుపునిచ్చే ఆమ్లాలు ముందుగా కరుగుతాయి. ఆ తరువాత తీపిదనం వస్తుంది. మిక్కిలి చేదైనవి ఆలస్యంగా దిగుతాయి. బరువులో 18 నుంచి 22 శాతం దాకా కరిగితే రుచి సమంగా వుంటుందని నిపుణుల లెక్క. నాలుగు నిమిషాలు దాటాక కాఫీని కూజాలోనే వుంచితే చేదు పెరుగుతూనే వుంటుంది. నొక్కగానే కప్పుల్లోకి వంచెయ్యాలి.

నీటి వేడికూడా ముఖ్యమే. 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగుంటుంది. సముద్రతీరపు వూళ్లలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి, దించి అరనిమిషం ఆగాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున వున్న అరకులోయలో నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. కాఫీతోటలున్న ఆ కొండలమీద ఇక ఆగే పనేలేదు!

నీళ్లు పోయగానే పొడి బుసబుస పొంగి తెట్టులా తేలుతుంది. గింజలు వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడమే దానికి కారణం. చెంచాతో కలిపితే వాయువు పోయి పొడి మునుగుతుంది. పొంగు బాగా వచ్చిందంటే పొడి తాజాదని గుర్తు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదటిది గాజు. మామూలు గాజులో వేడినీళ్లు పోస్తే లోపలిభాగం ముందు వ్యాకోచిస్తుంది, బయటిభాగం వెనకబడుతుంది. ఆ పెనుగులాటలో గాజు పగులుతుంది. బోరోసిలికేట్ గాజు వ్యాకోచం అందులో సుమారు మూడోవంతే. ప్రయోగశాలలోని బీకరు దానితోనే చేస్తారు. గాజంటే భయమైతే రెండు గోడల స్టీలు కూజా తీసుకోవచ్చు, వేడికూడా నిలుస్తుంది.

రెండోది జల్లెడ. అంచు చుట్టూ గాజుకు సమంగా ఆనాలి. మరలు విప్పి కడుక్కొనే వీలుండాలి.

మూడోది పరిమాణం. డబ్బామీద "8 కప్పులు" అని వుంటే మురిసిపోకండి. అది సుమారు లీటరు కూజా మాత్రమే. లీటరు నీటికి 60 గ్రాముల పొడి అని లెక్క వేసుకోండి.

ఒక హెచ్చరిక కూడా వుంది. కాఫీగింజలోని నూనెలో కాఫెస్టాల్ అనే పదార్థం వుంటుంది. అది రక్తంలో కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు వడపోత దాన్ని చాలావరకు ఆపుతుంది, లోహపు జల్లెడ ఆపలేదు. కొలెస్ట్రాల్ ఎక్కువున్న పెద్దలు రోజూ ఈ కాఫీ అదేపనిగా తాగడం మంచిది కాదు.

ఇంతకీ ఇది ఫ్రెంచివాళ్లదేనా? 1852లో ఇలాంటి సాధనానికి మొదటి పేటెంటు ఫ్రాన్సులోనే పుట్టింది. ఇప్పటి రూపానికి దగ్గరైనదానికి 1929లో పేటెంటు పొందినవారు మాత్రం కలిమాని, మొనేటా అనే ఇటలీవాళ్లు. 1958లో దీన్ని మెరుగుపరచిన బొండానినీ కూడా ఇటలీవాడే. అయితే ఆయన ప్రెస్‌లు తయారైంది ఫ్రాన్సులో, క్లారినెట్ వాయిద్యాలు చేసే ఫ్యాక్టరీలో!

మీరే చేసి చూడండి. పెద్దల్ని దగ్గరుంచుకొని, ఒకే కొలత పొడితో ఒకసారి ఒక నిమిషం, ఒకసారి నాలుగు, మరోసారి పది నిమిషాలు నానబెట్టండి. కప్పులకు అంకెలు వేసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఏది ఎన్ని నిమిషాలదో చెప్పకుండా రుచి అడిగి రాసుకోండి.

మావాడు మర్నాడు ముతక పొడి పట్టించుకొచ్చాడు. ఈసారి అరచేతి బరువుకే పిస్టన్ తిన్నగా అడుగుకు దిగింది.

"సామాను మంచిదే మామయ్యా, ఆ పొడే మంచిది కాదు" అన్నాడు.

"పొడీ మంచిదేరా. దాని చోటు ఫిల్టరు" అన్నాను.