స్టేషన్‌కి రమ్మన్నారు... 24 గంటలు ఎప్పటి నుంచి?

ఉక్కునగరం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ‘అన్నా, ఊరికే మాట్లాడి పంపేస్తామని పిలిచి రాత్రంతా కూర్చోబెట్టారు. అరెస్టు రాయలేదు. 24 గంటలు ఎప్పటి నుంచి లెక్క?’

నిన్ను కదలనివ్వకుండా ఆపినప్పటి నుంచే. కాగితం మీద టైమ్ కాదు. తెలంగాణ హైకోర్టు 2024లో ఈ మాటే చెప్పింది. మన ఏపీకి అది తప్పనిసరి కాకపోయినా లాయరు చూపించుకోవచ్చు. ప్రయాణ సమయం తీసేసి, ఆలోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిందే. రాజ్యాంగం 22వ అధికరణ అదే. అందుకే ఎన్నింటికి తీసుకెళ్లారో, దారిలో సీసీ కెమెరా ఎక్కడుందో ఇంట్లోవాళ్లు రాసి పెట్టుకోవాలి.

ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసైతే మామూలుగా ముందు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35 నోటీసు. అది వాట్సాప్‌లో పంపితే కుదరదని సుప్రీంకోర్టు 2025లో తేల్చేసింది. చేతికిస్తే మాత్రం వెళ్లండి, ఎగ్గొడితే అరెస్టుకి మనమే దారి ఇచ్చినట్టు.

మరి కొడితే? 2020 మేలో మన వైజాగ్ రోడ్డు మీద డాక్టర్ సుధాకర్ గారి చేతులు వెనక్కి కట్టేసిన వీడియో గుర్తుందిగా. హైకోర్టు జడ్జిని ఆస్పత్రికే పంపి వాంగ్మూలం తీయించింది. అందులో నమోదైన గాయాలకీ ప్రభుత్వ నివేదికకీ పొంతన లేదు. కేసు సీబీఐకి వెళ్లింది. కాబట్టి మేజిస్ట్రేట్ ముందు నిలబడినప్పుడు, పక్కన పోలీసులున్నా సరే, దెబ్బ చూపించి రికార్డు చెయ్యమని అడగండి.