రెండు శాతం ఎవరి జేబులోంచి? కార్డు రుసుము మీద ప్రభుత్వ అదుపు గురించి

మొన్నొక దుకాణంలో 5,000 రూపాయల మిక్సీ కొనడానికి పోయినం. జేబులోంచి క్రెడిట్ కార్డు తియ్యగానే దుకాణదారు "కార్డయితే రెండు శాతం ఎక్కువైతది సార్, క్యాషయితే ఇదే రేటు" అన్నాడు. మాతో వచ్చిన విద్యార్థికి కోపమొచ్చింది. "అట్ల తీసుకోవడానికి నీకేం హక్కుంది?" అని నిలదీశాడు. దుకాణదారు చల్లగా "నా దగ్గర కోసుకునేటోనికి హక్కు ఎవరిచ్చిండ్రు మరి?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుకుతూ పోతే ఈ వ్యాసం తయారైంది.

ఈ గొడవ మనకెందుకు, మనవాళ్లలో కార్డులున్నోళ్లు ఎంతమంది అని కొందరు మిత్రులు అన్నారు. కార్డు లేనివాళ్లకే ఇది ఎక్కువ సంబంధించిన విషయం. ఎట్లనో ముందు ముందు చెబుతాం. డబ్బు వ్యవహారాలు నిపుణుల సొత్తు అని అంబేద్కర్ ఏనాడూ ఒప్పుకోలేదు. 1923లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' అచ్చువేశారు. 1925లో కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందుకెళ్లి సాక్ష్యం చెప్పారు.

ముందు లెక్క చూద్దాం. మనం 5,000 రూపాయలకు కార్డు గీకితే దుకాణదారుకు 5,000 రావు. రుసుము రెండు శాతమనుకుంటే 100 రూపాయలు పోతయ్. ఆ వంద మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 18 రూపాయలు. చేతికొచ్చేది 4,882. ఈ కోతనే బ్యాంకుల భాషలో 'మర్చంట్ డిస్కౌంట్ రేట్', పొట్టిగా ఎండీఆర్ అంటారు. డిస్కౌంట్ అన్న మాట చూసి మోసపోవద్దు, అది దుకాణదారు ఇచ్చుకునే డిస్కౌంట్. పెద్ద కంపెనీ ఆ 18 రూపాయల పన్నును తన లెక్కల్లో సర్దుకుంటది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న కొట్టుకు ఆ వీలు కూడా లేదు.

ఆ వంద రూపాయలు ముగ్గురు పంచుకుంటారు. మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు కొంత, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకు కొంత. పెద్ద ముక్క మాత్రం కొనేవాడికి కార్డు ఇచ్చిన బ్యాంకుది. దీన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. అసలు తగాదా అంతా ఈ పెద్ద ముక్క గురించే.

మార్కెట్ మీద నమ్మకమున్నవాళ్లు "పోటీ ఉంటే ధర దానంతటదే దిగుతది, ప్రభుత్వం వేలు పెట్టొద్దు" అంటారు. కూరగాయల సంతలో ఆ మాట నిజం. ఇక్కడ నడక ఉల్టా. నెట్‌వర్కులు పోటీపడేది దుకాణదారు కోసం కాదు, కార్డులు పంచే బ్యాంకుల కోసం. ఏ నెట్‌వర్కు ఎక్కువ ఇంటర్‌చేంజ్ ఇప్పిస్తే బ్యాంకు ఆ కార్డును ఎక్కువ పంచుతది. ఆ డబ్బులోంచే కార్డుదారుకు రివార్డు పాయింట్లు, ఎయిర్‌పోర్టు లాంజ్. అంటే పోటీ పెరిగేకొద్దీ రుసుము పెరిగే దారే ఎక్కువ. ఇక దుకాణదారుకు "ఆ కార్డు నాకొద్దు" అనే ధైర్యం ఉండదు, గిరాకీ పక్క కొట్టుకు పోతది. వందల శాఖలున్న సూపర్‌మార్కెట్ కంపెనీ బ్యాంకుతో కూర్చుని రేటు తగ్గించుకోగలదు. బస్తీలో చెప్పుల దుకాణం పెట్టుకున్న మనిషి ఎవరితో కూర్చుంటాడు?

కోసిన రెండు శాతాన్ని దుకాణదారు ఊరికే మింగడు, ధరలో కలుపుతాడు. ఆ ధర కార్డు గీకినవాడికీ అంతే, నోట్లు లెక్కపెట్టి ఇచ్చే కూలి మనిషికీ అంతే. పాయింట్లు మాత్రం మొదటివాడికే. 2010లో అమెరికాలోని బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. ఏడాదికి 20,000 డాలర్లో అంతకంటే తక్కువో సంపాదించే కుటుంబం సగటున 21 డాలర్లు పోగొట్టుకుంటుంటే, 1,50,000 డాలర్లు దాటిన కుటుంబం 750 డాలర్లు లాభపడుతున్నదని తేల్చారు. అక్కడ నగదు మీద బతికేది ఎవరు? 2021లో ఆ దేశపు డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ చేసిన సర్వేలో బ్యాంకు ఖాతాయే లేని కుటుంబాలు తెల్లవాళ్లలో 2.1 శాతం, నల్లవాళ్లలో 11.3 శాతం. ఆ లెక్కకు ఇదీ కలిపి చూస్తే, పాయింట్ల బరువు ఎవరి నెత్తిన పడుతున్నదో వేరే చెప్పనక్కర లేదు.

మన దగ్గర ఇట్లాంటి లెక్క కులాలవారీగా ఎవరైనా కట్టారా అంటే మా కంట పడలేదు. కానీ క్రెడిట్ కార్డు ఎవరికిస్తారో అందరికీ తెలుసు: పే స్లిప్పు ఉన్నోనికి, సిబిల్ స్కోరు ఉన్నోనికి. 2024 మొదట్లో దేశంలో చలామణిలో ఉన్న క్రెడిట్ కార్డులు పది కోట్లు దాటినయ్. ఒక్కో మనిషి దగ్గర రెండు మూడు ఉంటయ్ కాబట్టి మనుషులు ఇంకా తక్కువ. 140 కోట్ల జనంలో మిగిలినోళ్లు ఎవరో విడమర్చి చెప్పాలా?

సరే, ప్రభుత్వం అదుపు చేస్తే? అక్కడక్కడా చేశారు. ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు 2003లో క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌ను దాదాపు సగానికి కోసి, అదనపు రుసుము వేసే హక్కు దుకాణదారుకు ఇచ్చింది. కొందరు వ్యాపారులు ఆ హక్కును అడ్డం పెట్టుకుని అసలు ఖర్చు కంటే ఎక్కువ గుంజారు, చివరికి 2016లో దాన్నీ కట్టడి చెయ్యాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2015లో డెబిట్ కార్డుకు 0.2 శాతం, క్రెడిట్ కార్డుకు 0.3 శాతం అని గీత గీసింది. అమెరికాలో 2010 చట్టం డెబిట్ కార్డును మాత్రమే పట్టుకున్నది. 2011 అక్టోబరు నుంచి పెద్ద బ్యాంకులకు ఒక్కో అమ్మకానికి 21 సెంట్లు, దానిమీద 0.05 శాతం అని హద్దు పెట్టారు. క్రెడిట్ కార్డు నెట్‌వర్కుల మధ్య పోటీ పెట్టే బిల్లు 2022లో, మళ్లీ 2023లో తెచ్చారు, రెండుసార్లూ చట్టం కాలేదు.

ఆ 21 సెంట్ల కథ మనం గుర్తుపెట్టుకోవాలి. అంతకుముందు కాఫీ, బస్సు టికెట్టు లాంటి చిన్న అమ్మకాల మీద తక్కువ రుసుము ఉండేది. హద్దు వచ్చాక నెట్‌వర్కులు ఆ హద్దునే రేటు చేసినయ్. చిన్న కొట్టుకు మేలు చెయ్యబోతే కీడైంది. బ్యాంకులు పోయిన ఆదాయం రాబట్టుకోవడానికి ఉచిత ఖాతాలు తగ్గించి కనీస నిల్వలు పెంచాయని పరిశోధకులు చూపారు. కనీస నిల్వ లేనిదెవరికి? పేదోళ్లకే. అదుపును వ్యతిరేకించేవాళ్లు ఈ ఉదాహరణ చెబితే దాన్ని కొట్టిపారెయ్యలేం. వాళ్ల ఇంకో మాటలోనూ కొంత నిజముంది: క్రెడిట్ కార్డు మీద బ్యాంకు కొన్ని వారాలు వడ్డీ లేకుండా అప్పిస్తది, ఎగవేత నష్టం మోస్తది, అది డెబిట్ కార్డులాంటిది కాదు. కానీ ఆ అప్పు తీసుకున్నవాడికి కదా బిల్లు వెయ్యాలి, పక్కన నగదిచ్చే మనిషికెందుకు?

మన దేశంలో నడిచిన కథ వేరే. 2012లో రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డుకు 2,000 రూపాయల దాకా 0.75 శాతం, ఆపైన ఒక శాతం అని హద్దు పెట్టింది. డెబిట్ కార్డు వాడినందుకు కొనేవాడి దగ్గర అదనంగా తీసుకోవద్దని 2013లో చెప్పింది. నోట్లరద్దు తర్వాత అందరినీ కార్డుల వైపు నెట్టారు. 2017 జనవరిలో ఒక శాతం రుసుము మాకు గిట్టుబాటు కాదని పెట్రోలు బంకులవాళ్లు కార్డులు తీసుకోమన్నారు. రెండ్రోజుల్లో బ్యాంకులు వెనక్కి తగ్గినయ్. చమురు డీలర్లకు సంఘముంది, లారీలు ఆగితే దేశం ఆగుతది. తోపుడుబండికి ఆ బలం లేదు. 2018 నుంచి ఏటా 20 లక్షల లోపు అమ్మకాలున్న దుకాణాలకు 0.40 శాతం, మిగిలినవాళ్లకు 0.90 శాతం అని వేరుచేశారు. మా దృష్టిలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో తెలివైన పద్ధతి ఇదే, చిన్నవాణ్ణి చిన్నవాడిగా గుర్తించింది. రూపే విషయంలో అది ఎక్కువ కాలం నిలవలేదు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ రుసుము సున్నా అన్నారు.

సున్నా అంటే ఎవరూ కట్టడం లేదని కాదు. బ్యాంకులకు సర్దడానికి 2021 డిసెంబరులో 1,300 కోట్లు, 2023 జనవరిలో 2,600 కోట్లు, 2025 మార్చిలో 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ డబ్బు ఖజానాది, అగ్గిపెట్టె మీద పన్ను కట్టేవాడు కూడా అందులో ఉన్నాడు. పైగా "పైసలు ముట్టినయ్" అని అరిచే డబ్బాకు దుకాణదారు నెలనెలా అద్దె కడుతున్నాడు. అది ఎండీఆర్ లెక్కలోకి రాదు.

ఇన్ని చేసినా క్రెడిట్ కార్డు రుసుముకు మాత్రం రిజర్వు బ్యాంకు హద్దు పెట్టలేదు. పేదోని జన్‌ధన్ రూపే కార్డు మీద సున్నా, ఉన్నోని క్రెడిట్ కార్డు మీద బ్యాంకు ఇష్టం. డెబిట్ మీద ఏమీ రాకపోయేసరికి బ్యాంకుల చూపు క్రెడిట్ మీదికి తిరగడం సహజమే. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో కూడా కలిపారు. చిన్న వ్యాపారికి 2,000 రూపాయల దాకా రుసుము లేదన్నారు, ఆపైన ఉంది. అదే క్యూఆర్ కోడు, అదే ఫోను. రుసుము పడేది ఎప్పుడో కొట్టువాడికి బ్యాంకు పంపిన లెక్క చూస్తేగానీ తెలియదు.

కాబట్టి మేం అడిగేది సున్నా కాదు, హద్దు. క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌కు పై హద్దు ఉండాలి. చిన్న దుకాణానికి ఆ హద్దు ఇంకా కిందికుండాలి, అమెరికాలోలాగ హద్దే రేటు కాకుండా చూడాలి. నగదిచ్చే మనిషికి ధర తగ్గించే హక్కు దుకాణదారుకు ఉండాలి, బోర్డు మీద రెండు ధరలూ రాసిపెట్టాలి. బ్యాంకు పంపే నెలవారీ లెక్క తెలుగులో రావాలి.

2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెల్లింపు రుసుముల మీద చర్చాపత్రం వేసి జనం అభిప్రాయాలు అడిగింది. యూపీఐ మీద రుసుము వెయ్యబోమని ఆర్థికశాఖ వెంటనే చెప్పింది, 2025 జూన్‌లో మళ్లీ చెప్పింది. క్రెడిట్ కార్డు గురించి అంత తొందర కనిపించలేదు. ఇంకో పత్రం వచ్చేలోపు ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చెయ్యొచ్చు. పిల్లల్ని తమ వాడలో ఐదు దుకాణాలకు పంపి, పోయిన నెల కార్డు రుసుము, డబ్బా అద్దె కలిపి ఎంత పోయిందో రాసుకొని రమ్మనండి. ఆ కాగితాలు మాకు పంపితే అచ్చువేస్తాం.