పసిబిడ్డ నడుము మీది గుర్తు

పసిబిడ్డకు స్నానము చేయించు అమ్మమ్మను, నానమ్మను మించిన పరీక్షకులు లేరు. కాళ్లు చాపుకొని, బిడ్డను బోర్లా వేసికొని నూనె రుద్దునప్పుడు వారి కంటపడనిది ఉండదు. కనుక గంభీరావుపేట, నర్మాల వంటి మన ఊళ్లలోని పెద్దవారికే ముందుగా చెప్పుచున్నాము: బిడ్డ నడుము క్రింది భాగమును, వెన్నెముక వెంబడి, శ్రద్ధగా చూడండి.

మచ్చలన్నియు భయపడదగినవి కావు. పిరుదుల మీద నీలి మచ్చ, మెడ వెనుక లేత ఎరుపు చాలమంది బిడ్డలకు ఉండును. పిరుదుల చీలికలోని చిన్న గుంట కూడ సామాన్యమే. అయితే నడుము మధ్యలో ఎర్రని రక్తనాళముల మచ్చ, వెంట్రుకల కుచ్చు, మెత్తని గడ్డ, లేక చీలికకు పైన గుంట కనబడితే వైద్యునికి చూపవలెను. రెండు గుర్తులు కలిసి ఉంటే ఆలస్యము చేయరాదు.

ఎందుకనగా చర్మము, వెన్నుపాము గర్భములో ఒకే పొర నుండి ఏర్పడును. గర్భము నిలిచిన 28 దినములలోపే ఆ పొర గొట్టమువలె ముడుచుకొని మూసికొనును. నెల తప్పిన సంగతి తల్లికి అప్పటికి సరిగా తెలియదు కూడ! అక్కడ లోపము జరిగితే కొందరిలో వెన్నుపాము చివర క్రిందికి అతుక్కొనిపోయి, బిడ్డ ఎదుగుకొలది లాగబడును. పుట్టినప్పుడు కాళ్లు బాగుగానే ఆడవచ్చును. కొన్ని ఏండ్లకు పాదము వంకర తిరుగును, నడక మారును, పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపును. మనము వానిని కొట్టుదుము. పాపము, వాని తప్పేమి?

మరియొకటి మిక్కిలి అరుదు. చర్మము మీద మచ్చ ఉన్న చోటికి సరిగా లోపల వెన్నుపాములోను రక్తనాళములు చిక్కుపడియుండు వ్యాధిని 1915లో అమెరికా వైద్యుడు స్టాన్లీ కాబ్ వర్ణించెను. ఆ నాళములు చిట్లితే కాళ్లు పడిపోవచ్చును.

గ్రహణము వేళ కూర తరిగినదని కోడలిని నిందించుట మేము ఇండ్లు దర్శించునప్పుడు వినుచునే యున్నాము. ఎవరి పాపమో అనువారు సంఘములలోను కలరు. భర్త గల్ఫులో ఉండగా బీడీలు చుట్టుకొనుచు బిడ్డను సాకు తల్లికి ఆ మాట ఎంత బరువు! గ్రహణమునకు దీనితో ఏ సంబంధమును లేదు. మచ్చ మీద వాత పెట్టకండి, పసరు పూయకండి, గడ్డను పిసుకకండి.

మొదటి మూడు నెలలలో వెన్నెముక ఇంకను గట్టిపడదు గనుక మామూలు స్కానింగుతోనే వెన్నుపామును చూడవచ్చును. తరువాతైతే ఎం.ఆర్.ఐ. కావలసివచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో 18 ఏండ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్ష కలదు, వెన్ను లోపము ఆ పట్టికలో ఉన్నది. ఆశా కార్యకర్తను అడిగి, సిరిసిల్ల పెద్దాసుపత్రికి చీటీ వ్రాయించుకొనండి.

రక్తనాళముల చిక్కును ఏ మాత్రయు ఆపలేదు. వెన్ను తెరచుకొని పుట్టుటను మాత్రము ఫోలిక్ ఆమ్లము చాలవరకు ఆపును. అట్టి బిడ్డను ఇదివరకు కన్న తల్లులలో అది మరల జరుగుట 72 శాతము తగ్గినదని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చినది. పెండ్లియైన ఆడపిల్ల గర్భమునకు ఒక నెల ముందు నుండియే దినమునకు 400 మైక్రోగ్రాములు వేసికొనవలెను. ఇదివరకు అట్టి బిడ్డ పుట్టిన తల్లికి అది చాలదు, పెద్ద మోతాదును వైద్యుడే వ్రాయును.