వెబ్ పుటలలో సి.ఎస్.ఎస్. రీసెట్

ప్రయోగశాలలో వస్తువును తూచుటకు ముందు త్రాసు ముల్లును సున్నవద్దకు తెచ్చుకొందుము. వెబ్ పుటను తీర్చిదిద్దుటకు ముందును ఇట్టి పని యొకటి కలదు. దానినే సి.ఎస్.ఎస్. రీసెట్ అందురు.

పుటలో శీర్షిక ఏది, పేరా ఏది, జాబితా ఏది అను సంగతిని హెచ్.టి.ఎం.ఎల్. తెలుపును, అవి ఎట్లు కనబడవలెనో సి.ఎస్.ఎస్. తెలుపును. మనమేమియు చెప్పనిచో బ్రౌజరు తన సొంత కొలతలను వాడుకొనును. పుట అంచున 8 పిక్సెళ్ల ఖాళీ అట్లు వచ్చినదే. చిక్కేమనగా, బ్రౌజర్లన్నియు ఈ పనిని ఒకే రీతిగా చేసెడివి కావు. జాబితాను ఎడమనుండి లోపలికి జరుపుటకు పూర్వపు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మార్జిన్‌ను, ఫైర్‌ఫాక్సు ప్యాడింగ్‌ను వాడెడివి. మార్జిన్‌ను మాత్రమే సున్న చేసిన విద్యార్థికి ఒకదానిలో జాబితా అంచునకు చేరెడిది, రెండవదానిలో కదలెడిదే కాదు. తప్పు తనదే యనుకొని పాపము గంటలకొలది వెదకుకొనెడివాడు!

2007లో అమెరికాకు చెందిన ఎరిక్ మేయరు ప్రకటించిన రీసెట్ ఇట్టి విలువలను సున్న చేసినది. దీనిని చేర్చగానే శీర్షికయు పేరాయు ఒకే పరిమాణమునకు వచ్చును, జాబితా చుక్కలు పోవును. కంగారుపడ నక్కరలేదు, కావలసినవి మనమే వ్రాసికొనవలెను. సమాన బలముగల సూత్రములలో వెనుక వచ్చినదే చెల్లును గనుక, రీసెట్ ఎప్పుడును మన సూత్రములకు ముందుండవలెను.

తెలుగువారు గమనింపవలసినది వేరొకటి కలదు. ఆ రీసెట్ లైన్-హైట్‌ను, అనగా పంక్తి ఎత్తును, అక్షర పరిమాణమునకు 1 రెట్టుగా ఉంచినది. ఇంగ్లీషునకు అది ఇరుకైనను సరిపోవును, మనకు చాలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను పేర్లను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, రెండవ అక్షరములను చూడుడు. 'ద్దు', 'మ్మ'లలోని ఒత్తులు క్రిందికి దిగును. 'లి' మీది గుడి పైకి లేచును. చోటు లేనందున, ఖతిని బట్టి, ఒత్తు పోయి క్రింది పంక్తిలోని గుడిని ఒరయును. పులివెందులలో ఒత్తు ఒక్కటియు లేదు. ఆ పేరొక్కటే వ్రాసి పరీక్షించినవారికి ఈ లోపము కనబడనే కనబడదు.

కావున రీసెట్ పిదప లైన్-హైట్‌ను 1.6 అనియో 1.8 అనియో మరల వ్రాయవలెను. బొత్తాములును, పూరింపు గడులును పుటలోని ఖతిని తమంతట తాము గ్రహింపవు. వానికి ఫాంట్ 'ఇన్‌హెరిట్' అని వేరుగా చెప్పవలెను.

నేడు బ్రౌజర్ల భేదములు చాల తగ్గినవి. అంతయు సున్న చేయుటకంటె, భేదించువానినే సరిచేయు 'నార్మలైజ్' పద్ధతి మెరుగని నాకు తోచును. అయితే అందును పంక్తి ఎత్తు 1.15 మాత్రమే గనుక పై సవరణ తప్పదు.