దగ్గు మందులో విషం: కార్బన్ శిఖరాలు పట్టించే ఆనవాలు

1998 ఏప్రిల్, జూన్ నెలల మధ్య ఢిల్లీలోని రెండు ఆసుపత్రుల్లో 36 మంది చిన్నారులు మూత్రపిండాలు దెబ్బతిని చేరారు. వారిలో 33 మంది చనిపోయారు. ఢిల్లీ పక్కనే ఉన్న గుర్గావ్‌లో వాడిన ఒక దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఇలాంటి విషాదాలు 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మళ్లీ జరిగాయి.

సిరప్‌ల తయారీలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వాడతారు. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా వాటిలాగే రంగు లేని, చిక్కని, కాస్త తియ్యని ద్రవం. చూసి తేడా చెప్పలేం. కానీ ఈ మూడింటి అణువుల్లో కార్బన్‌ల అమరిక వేరు. ఆ తేడాను చూపించే పద్ధతే కార్బన్-13 ఎన్‌ఎంఆర్.

ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 99 శాతం కార్బన్-12. దాని కేంద్రకం ఎన్‌ఎంఆర్‌కు కనిపించదు. మిగిలిన 1.1 శాతం కార్బన్-13 కేంద్రకాలు మాత్రం బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే అవి స్పందిస్తాయి. ఆ స్పందనలే వర్ణపటంలో శిఖరాలుగా కనిపిస్తాయి.

మొదట శిఖరాలను లెక్కపెట్టాలి. ఒకే రకమైన పరిసరాల్లో ఉన్న కార్బన్‌లన్నీ కలిసి ఒక్క శిఖరమే ఇస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్‌లోని మూడు కార్బన్‌లూ మూడు రకాలు, కాబట్టి మూడు శిఖరాలు. డైఇథిలీన్ గ్లైకాల్‌లో నాలుగు కార్బన్‌లున్నా, అణువులో ఒక సగం మరో సగానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. అందుకే రెండే శిఖరాలు.

తర్వాత శిఖరం ఎక్కడుందో చూడాలి. ఈ స్థానాన్ని పీపీఎంలలో కొలుస్తారు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి, దానితో ఏక బంధంతో కలిసిన కార్బన్ సాధారణంగా 50-90 మధ్య కనిపిస్తుంది. ఆక్సిజన్‌కు దూరంగా ఉన్న మిథైల్ కార్బన్ చాలా తక్కువ విలువ దగ్గర ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్‌లో సుమారు 19 దగ్గర కనిపించే శిఖరం అదే. డైఇథిలీన్ గ్లైకాల్‌లో మిథైల్ లేదు. దాని రెండు శిఖరాలూ సుమారు 61, 72 దగ్గర ఉంటాయి.

అసలు చిక్కు గ్లిజరిన్‌తో వస్తుంది. దానికీ రెండే శిఖరాలు, అవీ సుమారు 63, 73 దగ్గర! ఇక్కడ డెప్ట్-135 అనే మరో ప్రయోగం సాయపడుతుంది. ఇందులో రెండు హైడ్రోజన్‌లున్న కార్బన్‌ల శిఖరాలు కిందికి, ఒకటి లేదా మూడు హైడ్రోజన్‌లున్నవి పైకి వస్తాయి. గ్లిజరిన్ మధ్య కార్బన్‌కు ఒక్కటే హైడ్రోజన్ ఉంటుంది కనుక దాని శిఖరం పైకి లేస్తుంది. డైఇథిలీన్ గ్లైకాల్‌లో రెండూ కిందికే ఉంటాయి.

అయితే కార్బన్-13 సంకేతం చాలా బలహీనం. కొద్దిపాటి కల్తీని పట్టుకోవాలంటే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే మందుల పరిశ్రమలో రోజువారీ తనిఖీకి గ్యాస్ క్రొమటోగ్రఫీ వాడతారు. ప్రమాణాల ప్రకారం గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 0.1 శాతం మించకూడదు. ఎదురుగా ఉన్న తెలియని ద్రవం ఏ అణువో తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎన్‌ఎంఆర్ సాక్ష్యం చాలా విలువైనది.

ఈ విషాన్ని గుర్తించే శాస్త్రం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ముడిసరుకు డ్రమ్ములను సిరప్‌లో కలపక ముందే పరీక్షిస్తేనే ఆ శాస్త్రం పిల్లల ప్రాణాలు కాపాడగలదు.