అంతర్జాలమున పెద్దపీట



ఇంటిపట్టున నుండి వ్యాపారము చేయు స్త్రీలు నేడు ప్రతి యూరను కనబడుచున్నారు. ఊరగాయలు పెట్టి యమ్మువారును, నేతచీరలు తెప్పించి యమ్మువారును, సంగీతము నేర్పువారును తమ పేర నొక వెబ్‌సైటు నెలకొల్పుకొనుచున్నారు. అంగడి తెఱచినంతమాత్రమున బేరము రాదు గదా! పదిమంది నడచు దారిలో అది కనబడవలెను. అంతర్జాలమున నట్టి దారి శోధనయంత్రము. ‘మంగళగిరి చీరలు’ అని గూగులులో వ్రాసి వెదకినచో లెక్కకు మిక్కిలి పుటలు లభించును. కాని వెదకువారిలో పెక్కుమంది మొదట కనబడిన నాలుగైదింటిని జూచి యంతటితో విరమింతురు. అందుచే ఆ మొదటి వరుసలో పెద్దపీట సంపాదించుటకై గొప్ప పోటీ యేర్పడినది. ‘లంకెలు కట్టించి మీకు మొదటిస్థానము నిప్పింతుము’ అని చెప్పువారి చేతులలో మన సోదరీమణుల కష్టార్జితము పోవుచున్నది. కావున లంకె లనగా నేమో, వానికి అంత బల మెట్లు వచ్చినదో, వానిని కొనుట యేల తగదో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

ముందుగా యంత్రము పనిచేయు తీరు తెలిసికొందము. మన మడిగిన తరువాత నది లోకమంతయు వెదకి వచ్చునని కొందఱు తలంతురు. అట్లు కాదు. ఒక పుటలోని మాటపై వ్రేలు నొక్కగానే మఱియొక పుటకు గొనిపోవు దారికే లంకె యని పేరు. యంత్రము పంపిన ప్రోగ్రాములు రేయింబవళ్లు ఈ లంకెల వెంట నొక పుటనుండి మఱియొక పుటకు తిరుగుచు, కనబడినవానిని చదివి, ఏ మాట యే పుటలో నున్నదో అనుక్రమణిక కూర్చి యుంచును. మనము ప్రశ్న వేసినప్పుడు ఆ యనుక్రమణికను జూచి, తగిన పుటల నేఱి, వరుస గట్టి చూపును. ఈ వరుస గట్టుటయే కష్టమైన పని.

తొలిదినములలో యంత్రములు పుటలోని మాటలనే ముఖ్యముగా లెక్కించెడివి. ‘చీర’ యను మాటను నూఱుమార్లు వ్రాసినవారికి మేలు కలిగెడిది. తన్ను తాను పొగడుకొనువానికే పీట దొరకుచుండెనన్నమాట. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండిన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అను నిరువురు యువకులు దీనికొక మార్గము కనుగొని 1998లో వ్యాసరూపమున ప్రకటించిరి. ఆ యేడే సెప్టెంబరులో వారు గూగుల్ సంస్థను స్థాపించిరి. వారి పద్ధతికి పేజిరాంకు అని పేరు. ఒక పుటనుండి మఱియొక పుటకు లంకె యున్నదనగా, మొదటిది రెండవదానిని గూర్చి సాక్ష్యము పలికినట్లే యని వారి భావము. అయితే సాక్షు లందఱును సములు కారు. అనేకులచే గౌరవింపబడిన పుట పలికిన సాక్ష్యమునకు విలువ యెక్కువ. ఎవరును తలపని పుట పలికినదానికి తక్కువ. మఱియు నొక పుట పదింటిని చూపినచో, అది యిచ్చు విలువ ఆ పదింటికిని పంచబడును. ఈ యూహకు మూలము పండితలోకమున నంతకు మునుపే కలదు. శాస్త్రవ్యాసములలో నెవరి వ్రాత నెవ రుదాహరించిరో తెలుపు సూచికను 1964లో యూజీన్ గార్‌ఫీల్డు అను నాయన వెలువరించి యుండెను.

మన తర్కశాస్త్రము నెఱిగినవారికి ఇది యంత క్రొత్తగా తోపదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పుదురు. శబ్దప్రమాణ మనగా ఆప్తవాక్యము. విషయమును యథార్థముగా నెఱిగి, ఎఱిగినది యెఱిగినట్లు చెప్పువాడే యాప్తుడు. పేరంటమునకు వచ్చిన యిల్లాలు, ‘ఫలానివారి యావకాయ యేడాది నిలిచినది’ అని తాను తిని చూచి చెప్పిన మాట ఆప్తవాక్యము. కూలి పుచ్చుకొని యదే మాట పలికినవారిది కాదు. కాని యంత్రమునకు నాలుక లేదు, రుచి తెలియదు. అది చూచునది లంకెను. ఈ కొఱతను వర్తకులు త్వరలోనే కనిపెట్టిరి.

అంతట లంకెల వ్యాపారము బయలుదేఱినది. వెల యిచ్చి లంకెలు కొనుట యొక విధము. ‘నీవు నన్ను చూపుము, నేను నిన్ను చూపెదను’ అని పెక్కుమంది ఒడంబడిక చేసికొనుట మఱియొక విధము. ఎవరును చదువని వెబ్‌సైట్లను వందలకొలది పుట్టించి, వానినుండి తమకు తామే సాక్ష్యము పలికించుకొనుట మూడవది. వరుసలో పైకి వచ్చు తలంపుతో లంకెలు కొనుటయు అమ్ముటయు గూగుల్‌వారి నియమములకు విరుద్ధము. సొమ్మిచ్చి ప్రకటన వేయించుకొనుట మాత్రము తప్పు గాదు. అది ప్రకటన యని గుర్తు పెట్టవలెను. లంకెను సాక్ష్యముగా నెంచవలదని తెలుపుటకు ‘నోఫాలో’ యను గుర్తు 2005లోను, వెల యిచ్చినదని తెలుపుటకు ‘స్పాన్సర్డ్’ అను గుర్తు 2019లోను ఏర్పడినవి.

ఈ వ్యాపారమున పెద్ద సంస్థలును భంగపడినవి. అమెరికాలో జె.సి. పెన్ని యను గొప్ప వస్త్రవర్తకసంస్థ కలదు. స్త్రీల దుస్తు లని వెదకినను, పడకదుప్పట్ల ని వెదకినను, తివాచీ లని వెదకినను కొన్ని మాసములపాటు ఆ సంస్థ పేరే మొదట కనబడుచుండెను. న్యూయార్కు టైమ్స్ పత్రికవారు నిపుణునిచే పరీక్షింపజేయగా, రెండువేలకు పైగా పుటలనుండి ఆ సంస్థకు లంకె లున్నవనియు, వానిలో పెక్కింటికి వస్త్రములతో నే సంబంధమును లేదనియు తేలెను. 2011 ఫిబ్రవరిలో గూగుల్‌వారు శిక్ష విధించిరి. ఒక బుధవారము సాయంకాలము 7 గంటలకు, శాంసొనైట్ చేతిపెట్టెల కొఱకు వెదకినవారికి మొదట కనబడిన ఆ సంస్థ, 9 గంటలకు 71వ స్థానమునకు దిగిపోయెను. సంస్థవారు తమకేమియు తెలియదని చెప్పి, ఆ పనికై తాము నియమించుకొన్న సలహాదారులను తొలగించిరి. ఇంగ్లండులో పువ్వులు పంపు ఇంటర్‌ఫ్లోరా సంస్థయు 2013 ఫిబ్రవరిలో, మాతృదినోత్సవము సమీపించుచుండగా నిట్టి శిక్షకే గుఱియై, దాదాపు 11 దినములకు గాని తేఱుకొనలేదు.

ఒక్కొక్కరిని పట్టి శిక్షించుటతో పని తీఱదని, 2012 ఏప్రిలులో గూగుల్‌వారు ‘పెంగ్విన్’ అను పేర నొక సవరణ ప్రవేశపెట్టిరి. కూలిలంకెలను యంత్రమే గుర్తించి, వానివలన పైకెక్కినవారిని దింపుట దాని పని. 2016 సెప్టెంబరునాటికి అది మఱింత నేర్పు గడించి, అట్టి లంకెలను చాలవఱకు లెక్కలో లేనట్లే విడిచివేయుచున్నది. అనగా కొన్నవారికి శిక్ష తప్పినను, సొమ్ము మాత్రము దక్కదు.

పెద్దసంస్థలకు సలహాదారులు కలరు, ధనము కలదు, పడినను లేవగలవు. మన యిల్లాండ్ర మాట యేమి? మాకు పరిచితురాలైన యొక సోదరి, పెనిమిటి పోయిన తరువాత నేతచీరలమ్మి యిద్దఱు పిల్లలను చదివించుకొనుచున్నది. ఒక మధ్యవర్తి యామెతో, ‘నెలదినములలో వేయి లంకెలు కట్టించి మొదటిస్థానము తెప్పింతును’ అని చెప్పి, చిట్టీపాట సొమ్మంతయు పుచ్చుకొనెను. కొన్ని వారములు అంగడి పైకి వచ్చినది. పిమ్మట నెక్కడికో పోయినది. పూర్వము దానంతట నది వచ్చుచుండిన బేరమును తగ్గినది. లంకెల పట్టిక తెఱచి చూడగా నన్నియు జూదపుపుటలు, తెలియని భాషల పుటలు! ‘అక్కయ్యగారూ, నా చీరలలో లోప మేమి? నే నెవరిని మోసగించితిని?’ అని యామె యడిగినప్పుడు, ‘నీ చీరలలో లోపము లేదు చెల్లెమ్మా, నీ పక్షమున పలికిన సాక్షులలోనే లోపము’ అని చెప్పితిమి.

మఱి చేయదగిన దేమి? మొదటిది, పుటను కొనువారి ప్రశ్నలకు సమాధానముగా వ్రాయవలెను. చీర యెన్ని గజములు, అంచు ఎట్టిది, నూలా పట్టా, ఎట్లుతుకవలెను, వెల యెంత, ఎన్ని దినములలో చేరును - ఇవి స్పష్టముగా నుండవలెను. ప్రతి పుటకును దానిలోని విషయమును తెలుపు శీర్షిక పెట్టవలెను. బొమ్మలకు మాటలలో వివరణ యీయవలెను. యంత్రమునకు మాటలే సులభముగా బోధపడును. ఫోనులో పుట త్వరగా తెఱచుకొనవలెను. గూగుల్‌వారు వ్యాపారుల చిరునామాను పటములో చూపుటకును, వెబ్‌సైటు స్థితిని, శిక్ష యేదైన పడినచో దానిని తెలుపుటకును వేర్వేఱు సాధనములు ఉచితముగానే యిచ్చుచున్నారు. రెండవదాని పేరు ‘సెర్చ్ కన్సోల్’. కొన్న లంకెలు తమవి కావని విడిచిపెట్టుటకు 2012 అక్టోబరులో నొక సాధనము నిచ్చిరి. అట్టి లంకెల మూలమున శిక్ష పడినవారు మాత్రమే దానిని జాగరూకతతో వాడదగును.

రెండవది, లంకెలను కొనక సంపాదించవలెను. మనలను నిజముగా నెఱిగినవారినే యడుగవలెను. ఏ నేతవారి సంఘమునుండి చీరలు తెచ్చుచున్నామో, ఆ సంఘమువారు తమ పుటలో మన పేరు చూపుట న్యాయము. ఏ పాఠశాలలో సంగీతము చెప్పుచున్నామో, ఆ పాఠశాలవారు చూపుట న్యాయము. అంతకంటె మేలైన మార్గము, పరులకు పనికివచ్చు విద్యను పంచిపెట్టుట. చేతిమగ్గపు చీరను మరమగ్గపు చీరనుండి గుర్తుపట్టు విధమును బొమ్మలతో నెవరైన చక్కగా వ్రాసినచో, దానిని చదివినవారు తమంత తామే యితరులకు చూపుదురు. పైని జెప్పిన సోదరి యిప్పు డదే చేయుచున్నది. మునుపటి స్థాన మింకను రాలేదు. కాని ఆ వ్యాసము చదివి చీర లడుగువారు ఒక్కరొక్కరుగా వచ్చుచున్నారు.

మూడవది, ఈ పనికి నొకరిని నియమింపదలచినచో ముందుగా మూడు ప్రశ్నలు వేయవలెను. లంకెలు ఎక్కడనుండి తెత్తురు? వాని పట్టిక నా కిత్తురా? ఎంతకాలము పట్టును? ‘మొదటిస్థానము నాది పూచీ’ యన్నవానిని గడప దాటి రానీయరాదు. అట్టి పూచీ యెవరును ఈయజాలరని గూగుల్‌వారే వ్రాసియున్నారు. మంచి మార్పులు చేసి వాని ఫలము చూచుటకు సాధారణముగా నాలుగుమాసములు మొదలుకొని యొక సంవత్సరము పట్టునని కూడ వారే చెప్పుచున్నారు. బడిపంతులుగారి యింట కాపురము చేయువారము గనుక మాకు తెలిసిన మాట యొకటి చెప్పెదము: చదువక తెచ్చుకొన్న మార్కు పై తరగతిలో నిలువదు.

వెదకువారమైన మనకును ఒక ధర్మము కలదు. నేడు యంత్రములు లంకెలతోపాటు అనేక విషయములను లెక్కించుచున్నవి. 2024 మొదలు మన దేశమున గూగుల్ కొన్ని ప్రశ్నలకు ఇతరుల పుటలనుండి తానే సమాధానము కూర్చి పైని చూపుచున్నది. అయినను మొదట కనబడినదెల్ల నిజమని నమ్మరాదు. బిడ్డ జ్వరమునకు మందు వెదకినను, అప్పు దొరకు చోటు వెదకినను, పలికినవా రెవరు, వారికి విషయము తెలియునా, పలుకుటవలన వారికేమి లాభము అని విచారించవలెను. మనము నొక పుటను పదుగురికి పంపునప్పుడు మనమే సాక్షుల మగుదుము. చదువక, చూడక పంపరాదు.

పెద్దపీట వేయువారు లోకులు; దానికి తగునట్లు నడచుట మన పని. చేతిపనిని చక్కగా చేసి, చేసినదానిని దాపఱికము లేక వ్రాసి, ఎఱిగినవారి మంచిమాట కొఱకు ఓపికతో వేచియుండు సోదరికి ఆలస్యముగానైనను ఆదరము కలుగును. దాచుకొన్న సొమ్మును కూలిసాక్షులకు ధారపోయక, ఆ సొమ్ముతో నాలుగు మంచిచీరలు కొని అంగడిలో పెట్టుకొనుడని మా మనవి.