ఆశ్రమంలో రోజు ఎవరిది?

నర్సింగ్ హోమ్ అనగానే మన ఊళ్ళల్లో పురుళ్ళూ, ఆపరేషన్లూ గుర్తుకు వస్తాయి. ఇంగ్లండు, అమెరికాలలో ఆ మాటకు అర్థం వేరు. లేచి తన పని తాను చేసుకోలేని పెద్దవాళ్ళు నెలలూ, సంవత్సరాలూ ఉండిపోయే చోటు అది. అటువంటివి మన హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో కూడా వచ్చాయి. వృద్ధాశ్రమమనీ, ఓల్డేజి హోమనీ రకరకాలుగా పిలుచుకుంటున్నాం. పిల్లలు విదేశాల్లో ఉండడం, ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళడం, మంచాన పడ్డ మనిషిని ఎత్తి పక్కకు తిప్పడానికి రెండో చెయ్యి లేకపోవడం – కారణాలు మీకు తెలియనివి కావు. పెద్దవాళ్ళను అక్కడ చేర్చడం తప్పా, ఒప్పా అన్న చర్చలోకి నేను వెళ్ళను. ఆ చర్చలో గట్టిగా మాట్లాడేది చాలావరకు మంచంమీద పక్కబట్ట ఒక్కసారయినా మార్చని వాళ్ళే! చేర్చవలసి వచ్చినప్పుడు ఏం చూడాలి, ఏం అడగాలి అన్నదే ఈవేళ మాట్లాడుకుందాం.

మామూలుగా మనం వెళ్ళి ఏం చూస్తాం? గదులు శుభ్రంగా ఉన్నాయా, భోజనం ఎలా ఉంది, డాక్టరుగారు వారానికి ఎన్నిసార్లు వస్తారు, నెలకు ఎంత. ఇవన్నీ అడగవలసినవే. కాని నేల అద్దంలా మెరుస్తూ, వరసగా మంచాలు, మంచానికొక మనిషి ఉండి, ఎవరి నోటా మాట లేని చోట్లు కూడా ఉంటాయి. తెల్లవారుజామున అయిదింటికి అందరికీ ఒకేసారి లైట్లు వేస్తారు. తొమ్మిదిలోగా అందరి స్నానాలూ అయిపోవాలి, అది ఆయాల డ్యూటీ మారే వేళ కనుక. రాత్రి ఏడున్నరకు లైట్లు తీసేస్తారు. ఇందులో అన్యాయమేముంది అంటారా? ఏడింటికి లేచి, పేపరు చదువుకుంటూ రెండు గ్లాసుల కాఫీ తాగడం నలభై ఏళ్ళుగా అలవాటయిన మనిషి అక్కడ ఉన్నారనుకోండి. ఆ రోజు ఆయనది కాదు, డ్యూటీది.

ఈ సంగతిని గట్టిగా చెప్పినవారు ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ కిట్‌వుడ్. 1997లో వచ్చిన ఆయన పుస్తకం డిమెన్షియామీద. అంటే జ్ఞాపకమూ, ఆలోచనా క్రమక్రమంగా కరిగిపోయే మతిమరుపు జబ్బు. ఆ జబ్బు మనిషిలో మనకు కనిపించే క్షీణతంతా మెదడు పాడవడం వల్లనే రాదనీ, చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మనిషితో మెలిగే తీరువల్ల కూడా వస్తుందనీ ఆయన వాదన. మనిషిని అలా తగ్గించివేసే పద్ధతులు పదిహేడింటిని ఆయన పట్టిక వేశారు. అబద్ధమాడి పని జరిపించుకోవడం, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడడం, వాళ్ళ వేగానికి మించి తొందరపెట్టడం, ఎదురుగా ఉండగానే లేనట్టు వాళ్ళ గురించి మాట్లాడుకోవడం, చేతనయిన పనిని కూడా చేయనివ్వకపోవడం – ఇటువంటివన్నీ అందులో ఉన్నాయి. ఇవి చేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కరలేదనీ, చాలావరకు మంచి మనసుతోనే చేస్తారనీ కూడా ఆయనే అన్నారు. "మీ అబ్బాయి రేపు వస్తాడు, ఇప్పుడు అన్నం తినెయ్యి బామ్మా" అనడంలో ప్రేమ లేదని ఎవరంటారు? కాని రేపంతా ఆవిడ గుమ్మంవైపే చూస్తూ కూచుంటుంది.

మన భాషలో దీనికి తోడు పిలుపు ఒకటుంది. ఊరంతా "మాస్టారూ" అంటూ లేచి నిలబడిన మనిషిని ఇరవై ఏళ్ళ కుర్రాడు "ఏం తాతా, తిన్నావా" అంటాడు. కొందరికి ఆ "తాతా" తియ్యగా ఉంటుంది, కొందరికి చురుక్కుమంటుంది. ఎవరికెలా ఉంటుందో అడిగి తెలుసుకోవాలి కదా! అలాగే చీర సంగతి. జీవితమంతా చీర కట్టినావిడకు నైటీ తొడుగుతారు, విప్పడం తొడగడం సులువని. చెయ్యి పైకెత్తలేని మనిషికి అది నిజంగానే సుఖం కావచ్చు. అయినా ఎవరైనా చూడవస్తే పైన కప్పుకోవడానికి తువ్వాలుకోసం తడుముకునే చేతుల్ని మీరు చూసే ఉంటారు. బాత్‌రూముకు నడిపించే తీరిక లేక, నడవగలిగిన మనిషికి కూడా డయపర్ వేసి పడుకోబెట్టడం మరీ అన్యాయం. ఈ విషయం అడగడానికి మనం మొహమాటపడతాం. పడకూడదు.

ఇలాంటి పద్ధతిని తలకిందులు చేసి చూసిన ఒక నర్సింగ్ హోమ్ కథ చెబుతాను. 1991లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరు. అక్కడి చేజ్ మెమోరియల్ నర్సింగ్ హోముకు బిల్ థామస్ అనే యువ వైద్యుడు వచ్చారు. ఎనభైమంది పెద్దవాళ్ళు, ఎక్కువమందికి మతిమరుపు జబ్బు. మందులు వేళకు అందుతున్నాయి, లోటేమీ లేదు, కాని ఆ ఇంట్లో జీవం లేదనిపించింది ఆయనకు. ఒంటరితనం, విసుగు, నిస్సహాయత – వీళ్ళను తినేస్తున్న తెగుళ్ళు ఈ మూడేనని తేల్చి, అధికారుల చుట్టూ తిరిగి అనుమతులు తెచ్చి, రెండు కుక్కలనూ, నాలుగు పిల్లులనూ, వంద చిన్న చిలకలనూ తెప్పించారు. చిలకలు వచ్చిననాటికి పంజరాలు బిగించి సిద్ధంగా లేవట! తెచ్చినవాడు వాటిని జుట్టు కత్తిరించే గదిలో వదిలేసి, తలుపు వేసి వెళ్ళిపోయాడు. గదినిండా చిలకలు ఎగురుతుంటే సిబ్బంది పంజరాలతో పడే అవస్థను అద్దంలోంచి చూసి పెద్దవాళ్ళు పడీ పడీ నవ్వారట. తరవాత కుందేళ్ళూ, కోళ్ళూ, కూరగాయల తోటా వచ్చాయి. బడి వదిలాక పిల్లలు రావడం మొదలయింది.

మాట పోయిందనుకున్నవాళ్ళు మాట్లాడారు. నడవలేరనుకున్నవాళ్ళు నర్సుల దగ్గరకు వచ్చి, "కుక్కను నేను తిప్పుకొస్తాను" అన్నారు. మరొక నర్సింగ్ హోముతో రెండేళ్ళు పోల్చి చూస్తే ఇక్కడ మనిషికి రాసే మందులు దాదాపు సగమే అయ్యాయి, మరణాలు 15 శాతం తక్కువ. ఎందువల్లనో లెక్క చెప్పలేదు గాని, బ్రతకడానికి మనిషికి ఏదో ఒక పని, ఒక కారణం కావాలన్నది థామస్ నమ్మకం.

దీన్ని విని మనమూ వంద చిలకలు కొనాలని కాదు. కుక్క గడప తొక్కితే ఇల్లంతా కడిగే ఇళ్ళల్లో పెరిగినావిడ ఒళ్ళో కుక్కపిల్లను పెడితే అది ఆదరణ కాదు, హింస. ఆవిడకు తులసికుండీ చాలు. అదీ ఎవరు నీళ్ళు పోస్తారన్నది ముఖ్యం. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకురాళ్ళు కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోములో సరిగ్గా ఇదే చూశారు. ఒక అంతస్తులో వాళ్ళకు మొక్క కావాలంటే ఎంచుకోమనీ, దాన్ని చూసుకోవలసింది మీరేననీ, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండనీ అన్నారు. మరో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, సినిమా వేశారు, కాని నీళ్ళు నర్సులే పోశారు, రోజు వాళ్ళే నిర్ణయించారు. మూడువారాలలో మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ హుషారుగా, చురుగ్గా ఉన్నట్టు నర్సులే గుర్తించారు. మన వైపు పత్తి ఇస్తే వత్తులు చేసేవాళ్ళున్నారు, చిక్కుడుకాయలు ఇస్తే ఈనెలు తీసేవాళ్ళున్నారు. "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అని చేతిలోది లాగేసుకుంటాం.

మరొక సంగతి కొంచెం చేదుగా ఉంటుంది. ఆశ్రమంవాళ్ళు మనిషిని కుర్చీకి, మంచానికి గుడ్డతో కట్టేస్తే దానికి సగం కారణం మనమే. "పడిపోకుండా చూడండి, పడితే మీదే బాధ్యత" అని మనమే హెచ్చరించి వస్తాం. వాళ్ళేం చేస్తారు? అమెరికాలో 1987లో వచ్చిన చట్టం, వైద్యరీత్యా అవసరముంటే తప్ప, క్రమశిక్షణకో, సిబ్బంది సౌకర్యానికో అలా కట్టకూడదని చెప్పింది. కట్లు తీస్తే తీవ్రమైన గాయాలు పెరుగుతాయని చాలామంది భయపడ్డారు. తీసి చూసిన చోట్ల అలా పెరగలేదు. కదలక కాళ్ళు బలం పోతేనే పడడం ఎక్కువ మరి. చక్కెర జబ్బున్న తాతగారు పండక్కి అరముక్క మైసూర్‌పాక్ అడిగితే ఏం చెయ్యాలన్నదీ ఇటువంటి ప్రశ్నే. ఇవ్వమనే నేనంటాను, డాక్టరుతో ఒక మాట అనుకుని. మీరు కాదనవచ్చు. కాని ఆ సంభాషణలో ఆయన్ని కూడా కూచోబెట్టండి.

ఇవన్నీ చెయ్యవలసింది ఎవరు? ఆయా. ఒక్కతే పదిహేనుమందిని చూస్తుంటే ఆవిడకు పిలుపులూ, ఇష్టాలూ గుర్తు పెట్టుకునే ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ఆశ్రమానికి వెళ్ళినప్పుడు రాత్రిపూట ఎంతమందికి ఒక ఆయా ఉంటుందో, ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళనుంచి పని చేస్తున్నారో అడగండి. నెలనెలా మనుషులు మారే చోటు మంచిది కాదు. రోజూ అదే మనిషి స్నానం చేయిస్తుందా, ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేయిస్తారా, అడగండి. భోజనాలవేళ చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడండి. ఎక్కడైనా పెద్దవాళ్ళను హింసిస్తున్నట్టు అనిపిస్తే 14567 అనే ఫోను నంబరు ఉంది. వృద్ధుల సహాయంకోసం దేశమంతటికీ పెట్టినది అది.

చేర్చేనాడు మందులచీటీ, ఆధార్‌కార్డూ అందరం తీసుకువెళతాం. వాటితోపాటు ఒక కాగితం రాసివ్వండి. బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీవారు "దిస్ ఈజ్ మీ", అంటే "ఇదీ నేను" అని ఇందుకోసమే ఒక చిన్న పత్రం అచ్చు వేశారు. మనకు నోటుబుక్కులో ఒక పేజీ చాలు. ఏమని పిలిస్తే పలుకుతారు. ఏ పక్కకు తిరిగి పడుకుంటారు. ఏ చెవి బాగా వినిపిస్తుంది. ఏం తినరు. పొద్దున్నే పూజా, నమాజా, బైబిలా, రేడియోలో వార్తలా. ఏం పని చేసేవారు. పిల్లల పేర్లు, పోయినవాళ్ళవి కూడా – అర్ధరాత్రి ఆ పేరు పెట్టి పిలుస్తుంటే ఎవరిని పిలుస్తున్నారో తెలియాలి కదా. దేనికి భయపడతారు, ఏం చేస్తే ఊరుకుంటారు. రాసేటప్పుడు వాళ్ళ పక్కనే కూచుని అడిగి రాయండి. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా మీకు తెలియనివి రెండు మూడు బయటపడతాయి. ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఫైలులో పడెయ్యనివ్వకండి, మంచం పక్క గోడకు అంటించమనండి. రాత్రి డ్యూటీ ఆయాకు చదువు రాకపోతే మీరే కూచుని చదివి వినిపించండి.